కన్ను ఎండకు అలవాటు పడదు

పడమటి ప్రకాశంలో మనిషి ముఖం మీదికి నల్లద్దాలు వచ్చేది రెండే సార్లు. పెళ్ళి ఫోటోలప్పుడు కుర్రవాడు పెట్టుకుంటాడు. కంటాపరేషన్ చేయించుకుని ఊళ్ళో బస్సు దిగేటప్పుడు అరవై దాటిన పెద్దాయన పెట్టుకుంటాడు. ఈ రెండింటి నడుమ నలభై ఏళ్ళ కాయకష్టం ఉంది. మిరప చేలో, పలకల గనిలో, గొర్రెల మంద వెనక, ఉపాధి హామీ గుంతల దగ్గర, రోడ్డు పనిలో గడిచే ఆ నలభై ఏళ్ళూ వట్టి కళ్ళతోనే గడుస్తాయి. ఎండ కంటిని దెబ్బతీస్తున్నంత కాలం దొరకని అద్దం, చెడిపోయిన కటకాన్ని తీసేసి కృత్రిమ కటకం పెట్టాక చేతికొస్తుంది.

దీనికి పేదరికం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. దీని వెనక గట్టి నమ్మకం ఉంది. చలువ కళ్ళద్దాలు షోకు సామానని, కష్టపడి పనిచేసేవాడికి వాటితో పనిలేదని, ఎండ మనకు పుట్టుకతో అలవాటేనని. గిద్దలూరు నుంచి యర్రగొండపాలెం దాకా కూలివాళ్ళూ ఇదే అంటారు, కూలికి పిలిచే రైతులూ ఇదే అంటారు, బడిలో పాఠం చెప్పే పంతుళ్ళూ ఇదే అంటారు. నమ్మేవాళ్ళు ఎక్కువైనంత మాత్రాన నమ్మకం నిజం కాదు. దీని ఖరీదు మనవాళ్ళు చూపుతో చెల్లిస్తున్నారు.

"ఎండకు పుట్టి ఎండకు పెరిగినోళ్ళం, మాకేమయిద్ది?" అన్నది అందరికన్నా ముందు వినిపించే మాట. చర్మం విషయంలో ఇందులో కొంత నిజముంది. రోజూ ఎండలో తిరిగేవాడి చర్మం నల్లబడుతుంది, మందమవుతుంది, తనను తాను కొంతవరకు కాపాడుకుంటుంది. కంటికి ఆ ఏర్పాటు లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఎన్నేళ్ళు పడినా కన్ను వాటిని తట్టుకోవడం నేర్చుకోదు. పైగా కంటి లోపలి కటకానిది విచిత్రమైన పరిస్థితి. దానికి రక్తనాళాలు లేవు. పాత కణాలు రాలిపోయి కొత్తవి రావడమంటూ అక్కడ లేదు. దాని నడిమధ్య ఉన్న ప్రోటీన్లు మనం తల్లి కడుపులో ఉండగా తయారైనవే, చచ్చేదాకా అవే ఉంటాయి. గీరుకున్న చర్మం వారంలో మానుతుంది. కటకంలో చెడిన ప్రోటీను చెడినట్టే మిగిలిపోతుంది, ఏటికేడు దాని మీద మరికొంత చేరుతుంది. ఇరవై ఏళ్ళ వయసులో పడిన ఎండ లెక్క అరవైలో బయటపడుతుంది. నడుమ ఏ నొప్పీ ఉండదు, మంట ఉండదు. నొప్పి లేకపోవడాన్నే మనవాళ్ళు అలవాటనుకుంటున్నారు.

దీనికి తోబుట్టువు లాంటి మాట ఇంకొకటుంది. మనవి నల్లకళ్ళు, ఎండ బాధ తెల్లవాళ్ళ నీలికళ్ళకే అని. ఈ మాట చదువుకున్నవాళ్ళ నోటే ఎక్కువ వింటాను. కనుపాప చుట్టూ ఉండే రంగు వలయం నల్లగా ఉంటే దాని వెనక పడే వెలుగు కొంత తగ్గుతుంది, కొన్ని అరుదైన కంటి కాన్సర్లూ తగ్గుతాయి. అంతవరకు నిజమే. కానీ కంటి ముందున్న పారదర్శకమైన కార్నియా, తెల్లగుడ్డును కప్పి ఉండే పలచటి పొర, రెండూ ఆ వలయానికి ముందే ఉన్నాయి. వాటికి నలుపు ఏ అడ్డూ పెట్టదు. కటకం వెనకే ఉన్నా, కనుపాప అనే రంధ్రానికి ఎదురుగా ఉంది. ఆస్ట్రేలియాలో బ్లూ మౌంటెన్స్ ప్రాంతంలో జరిగిన కంటి అధ్యయనంలో ముదురు గోధుమరంగు కళ్ళవాళ్ళకే శుక్లాలు ఎక్కువగా కనిపించాయి. నల్లకన్ను కవచమన్న ధీమాకు ఆధారం లేదు.

మూడో పొరపాటు వీటికన్నా లోతైనది. ఎండంటే వేడి అనుకోవడం. ఏప్రిల్, మే నెలల్లో మార్కాపురం, గిద్దలూరు, కంభం మండలాల పేర్లు వడగాడ్పుల హెచ్చరికల్లో వస్తాయి. మజ్జిగ తాగండి, మధ్యాహ్నం బయటికి రాకండి, తలకు గుడ్డ కట్టుకోండి అని చెబుతారు. మంచి సలహాలే. అవి ప్రాణం కాపాడతాయి. కానీ అవి వేడి గురించి చెప్పినవి. కంటిని చెడగొట్టే కిరణానికి వేడి ఉండదు, కంటికి కనిపించదు, చర్మానికి తగిలినట్టు తెలియదు. ఎంత ఉక్కగా ఉందన్నదాన్ని బట్టి అది పెరగదు, సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడన్నదాన్ని బట్టి పెరుగుతుంది. మార్కాపురం భూమధ్యరేఖకు ఉత్తరంగా పదిహేను డిగ్రీలు దాటి పదహారుకు దగ్గరలో ఉంది. సూర్యుడు మన నడినెత్తికి ఏడాదిలో రెండు సార్లు వస్తాడు. ఒకటి మే మొదటి వారం, అందరూ ఊహించేదే. రెండోది ఆగస్టు రెండో వారం. అప్పటికి వానలు పడి ఉంటాయి, గాలి చల్లబడి ఉంటుంది, పత్తిలో కందిలో కలుపు తీస్తుంటారు. మబ్బు పట్టింది కదా, ఎండ లేదు కదా అంటారు. పలచటి మబ్బు గుండా ఆ కిరణాల్లో తొంభై శాతం దాకా కిందికి దిగుతాయి. వేడి తగ్గింది, కిరణం తగ్గలేదు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా నీడపట్టున ఉంటే చాలునన్న సలహా కూడా కంటికి సరిపోదు. జపాన్‌లో కనజావా వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన హిరోషి ససాకి బృందం మనిషి బొమ్మల కళ్ళకు కొలిచే సాధనాలు అమర్చి రోజంతా ఎండలో నిలబెట్టింది. నెత్తి మీద పడే కిరణాలు నడిమధ్యాహ్నం ఎక్కువ. కంటి మీద పడేవి మాత్రం పొద్దున ఎనిమిది నుంచి పది దాకా, మళ్ళీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎక్కువని తేలింది. కారణం తేలికే. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమ్మల ఎముక, పైరెప్ప కంటికి చూరులా నీడ పడతాయి. సూర్యుడు ఏటవాలుగా ఉన్నప్పుడు ఆ నీడ ఉండదు, కిరణం తిన్నగా కంట్లోకి వస్తుంది. ఇప్పుడు మన కూలివేళలు గుర్తుచేసుకోండి. చల్లటి పొద్దున పని మొదలుపెట్టి, మిట్టమధ్యాహ్నం చెట్టు కింద అన్నం తిని, ఎండ వాలాక మళ్ళీ దిగుతారు. వడదెబ్బ నుంచి తప్పించుకోవడానికి ఇది తెలివైన పద్ధతి. కంటికి మాత్రం గడ్డు గంటలు ఇవే. ఈ రెండు సంగతులూ కలిపి చెప్పే ప్రకటన ఒక్కటి కూడా నేను గోడ మీద చూడలేదు.

పక్క నుంచి వచ్చే వెలుగు సంగతి ఇంకా తీవ్రమైనది. మన ఊళ్ళలో ఏ రచ్చబండ దగ్గరికి వెళ్ళినా, ముక్కు వైపు మూల నుంచి నల్లగుడ్డు మీదికి ఎర్రటి కండ పాకిన కళ్ళు కనిపిస్తాయి. కంట్లో కండ పెరిగిందంటారు. వైద్యులు టెరీజియం అంటారు. ఇది ఎందుకు దాదాపు ఎప్పుడూ ముక్కు వైపే మొదలవుతుందో సిడ్నీకి చెందిన కంటి వైద్యుడు మినాస్ కొరోనియో వివరించాడు. చెంప వైపు నుంచి ఏటవాలుగా వచ్చే వెలుగును కార్నియా వంపు పట్టుకుని, అటుచివర ముక్కు వైపు అంచు మీద ఒక్కచోటికి పోగేస్తుంది. అక్కడ దాని తీవ్రత ఇరవై రెట్ల దాకా పెరుగుతుంది. సూర్యుడి వైపు మనం చూడక్కర్లేదు. వంగి మిరపకాయలు కోస్తున్నా, నేల చూపులు చూస్తూ మట్టి తవ్వుతున్నా, పక్క వెలుగు తన పని తాను చేసుకుపోతుంది.

ఇవన్నీ ఎక్కడో దేశాల సంగతులని తోసేయకండి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద సర్వే జరిపింది. హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇల్లిల్లూ తిరిగి కళ్ళు పరీక్షించారు. ముప్ఫై ఏళ్ళు దాటినవాళ్ళలో నూటికి దాదాపు 12 మందికి కంట్లో కండ ఉంది. ఆరుబయట పనిచేసేవాళ్ళకు ఆ ముప్పు ఎక్కువ. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి ఖర్చుతో, ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుల ఆధ్వర్యంలో, ఎండకూ కంటి జబ్బులకూ ఉన్న సంబంధం తేల్చడానికే ప్రత్యేకంగా మరో అధ్యయనం జరిగింది. దేశంలో మూడు రకాల నేలలు ఎంచుకున్నారు. మైదానానికి ఢిల్లీ పక్కన గురుగ్రామ్, కొండలకు గువాహటి, సముద్ర తీరానికి మన ప్రకాశం జిల్లా. నలభై దాటినవాళ్ళ కళ్ళు చూశారు. ఎన్నేళ్ళు, రోజుకు ఎన్ని గంటలు ఎండలో గడిపారో, తలకు గుడ్డ కట్టారో లేదో అడిగి జీవితకాలపు ఎండ లెక్క కట్టారు. 2020లో ఫలితాలు అచ్చయ్యాయి. జీవితకాలపు ఎండ పెరిగేకొద్దీ శుక్లాలు పెరిగాయి. ఎండకు అలవాటు పడ్డామనే జనం కళ్ళల్లోనే ఈ సంగతి తేలింది. మన జిల్లా ప్రజల కళ్ళే సాక్ష్యం చెప్పాక, ఇంకా ఎవరి సాక్ష్యం కావాలి?

ఒక బాధ మాత్రం చెప్పుకోవాలి. ప్రకాశం పేరు తీరానికి నమూనాగా వెళ్ళింది. 1970లో ఒంగోలు కేంద్రంగా జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉన్న ఈ పడమటి సీమది తీరం కాదు. నల్లమల అంచున, రాతి నేల మీద, వానలు తక్కువైన చోట, చెట్టు నీడ కరువైన పొలాల్లో మన జనం బతుకుతున్నారు. ఒంగోలులో కొలిచిన ఎండను చూసి మార్కాపురం ఎండను అంచనా వేసుకోవాల్సి రావడం మనకు కొత్త కాదు గానీ, ఈ విషయంలో మన కళ్ళను మన దగ్గరే కొలవాలని అడిగే హక్కు మనకుంది.

ఎండకూ శుక్లానికీ ముడిని మొదట గట్టిగా రుజువు చేసినది అమెరికాలో చెసాపీక్ అఖాతంలో పీతలు, ఆల్చిప్పలు పట్టే జాలరుల మీద జరిగిన పరిశీలన. 838 మందిని చూశారు, 1988లో ప్రచురించారు. ఒకరికన్నా మరొకరికి రెట్టింపు ఎండ పడితే, కటకం అంచుల నుంచి మొదలయ్యే రకం శుక్లం వచ్చే అవకాశం అరవై శాతం పెరిగింది. ఆ జాలరులూ మన కూలివాళ్ళ మాదిరి రోజంతా ఆరుబయట పనిచేసినవాళ్ళే. టోపీ పెట్టుకున్నవాళ్ళకు, అద్దాలు పెట్టుకున్నవాళ్ళకు కంటికి చేరిన ఎండ తగ్గిందని కూడా అందులో లెక్కగట్టారు.

శుక్లాలన్నింటికీ ఎండే కారణమని నేను అనను. వయసు ఉంది, చక్కెర జబ్బు ఉంది, బీడీ చుట్ట ఉన్నాయి, కట్టెల పొయ్యి పొగ ఉంది. పైన చెప్పిన ప్రకాశం అధ్యయనంలోనే పొగతాగడానికీ వంటింటి పొగకూ శుక్లంతో సంబంధం కనిపించింది. ఏళ్ళ తరబడి వాడే స్టెరాయిడ్లు ఉన్నాయి. శుక్లం వల్ల చూపు పోయినవాళ్ళలో పదో వంతు మందికి ఎండ వల్ల పోయి ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పదో వంతే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్ళకు నా జవాబు ఇది. మిగిలిన కారణాల్లో వయసును ఆపలేం. ఎండను ఆపే అద్దం ఒక రోజు కూలి కన్నా తక్కువకు దొరుకుతుంది. చేయగలిగింది చేయకపోవడానికి చేయలేనివాటిని సాకుగా చూపకూడదు. పైగా ఆ అంచనా నీడపట్టున కూర్చునేవాళ్ళనూ కలిపి వేసింది. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా పొలంలో ఉండే ఆడమనిషికి ఆ వాటా ఎంతో ఎక్కువ.

అసలు ఈ కిరణం కంటికి ఏం చేస్తుందో మన ఊళ్ళలో అందరికీ తెలుసు. వెల్డింగ్ షాపులో పనిచేసే పిల్లవాణ్ణి అడగండి. నల్లద్దం అడ్డు పెట్టుకోకుండా కాసేపు మంట వైపు చూస్తే ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటుంది, నీళ్ళు కారతాయి, రెప్ప తెరవలేడు. ఆర్క్ కొట్టిందంటారు. ఆ దెబ్బ కొట్టింది వేడి కాదు, వెల్డింగ్ మంటలోంచి వచ్చిన అతినీలలోహిత కిరణం. ఎండలో ఉన్నదీ అదే జాతి కిరణం. అక్కడ గంటల్లో చేసే పని ఇక్కడ ఏళ్ళ మీద చేస్తుంది. వెల్డర్ నల్లద్దం పెట్టుకుంటే షోకని ఎవరూ అనరు. గొర్రెల కాపరి పెట్టుకుంటే ఎందుకు అనాలి?

ఈ షోకు అన్న మాటే అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేస్తోంది. సినిమా హీరో, ఫ్లెక్సీ బోర్డు మీది నాయకుడు, బుల్లెట్ బండి మీది కుర్రవాడు, వీళ్ళ వల్ల నల్లద్దాలకు ఒక అర్థం స్థిరపడిపోయింది. కూలిమనిషి పెట్టుకుంటే "ఏందబ్బా, హీరో మాదిరి తయారైనావు" అంటారు. ఆడమనిషి పెట్టుకుంటే మాట అంతటితో ఆగదు. మిరప కోతల్లో ఇరవై మంది ఆడవాళ్ళ వరసలో ఒక్కతి అద్దాలు పెట్టుకుని కూర్చుంటే పొద్దుగూకేలోగా ఆమెకు పేరు పెట్టేస్తారు. ఆ ఎగతాళి భయానికి, కొడుకు హైదరాబాదు నుంచి తెచ్చిచ్చిన అద్దాలు పెట్టెలోనే ఉండిపోతాయి. మన దేశంలో శుక్లాలు మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకే ఎక్కువ. పొయ్యి పొగా వాళ్ళకే, పొలం ఎండా వాళ్ళకే, ఆసుపత్రికి ఆఖరున వెళ్ళేదీ వాళ్ళే. వాళ్ళకు కంటి నీడను కూడా నవ్వులపాలు చేసి దూరం చేయడం నాకు కోపం తెప్పిస్తుంది. చెప్పుల్లేకుండా తుమ్మముళ్ళలో నడవడం గొప్పని ఇప్పుడెవరూ అనడం లేదు. కాలికి ఇచ్చిన పాటి విలువ కంటికి ఇవ్వమంటున్నాను.

"పొర వస్తే ఆపరేషన్ చేయించుకుంటాంలే, ఉచితమే కదా" అనే ధైర్యం కూడా ఈ మధ్య పెరిగింది. శుక్లం ఆపరేషన్ గొప్ప వరం, అందులో సందేహం లేదు. మార్కాపురంలోనే ఎల్.వి. ప్రసాద్ సంస్థ శాఖ ఉంది, శిబిరాలు జరుగుతున్నాయి, వేలమందికి చూపు తిరిగొచ్చింది. కానీ పొర మొదలైన నాటి నుంచి ఆపరేషన్ దాకా మసక చూపుతో గడిచే ఏళ్ళను ఎవరు లెక్కపెడుతున్నారు? సూదిలో దారం ఎక్కక, పాము తాడై కనిపించి, చీకటి పడ్డాక గడప దాటలేక గడిచే ఏళ్ళవి. కూలికి పిలవడం మానేస్తారు. ఇక కంట్లో కండకు ఆపరేషన్ ఆఖరి మాట కూడా కాదు. తీసేసినా మళ్ళీ పెరగగలదు. తీసిన చోట కంటి పొరనే అతికిస్తే ఆ అవకాశం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. అన్నట్టు, ఈ రోజుల్లో లోపల అమర్చే కృత్రిమ కటకాల్లో చాలావాటికి అతినీలలోహిత కిరణాలను ఆపే గుణం కలిపే తయారుచేస్తున్నారు. తీసేయబోయే పుట్టు కటకానికి ఆ రక్షణ ఏనాడూ ఇవ్వలేదు.

అద్దాలు కొనేవాళ్ళలోనూ ఒక తప్పుడు లెక్క ఉంది. ఎంత నల్లగా ఉంటే అంత కాపుదల అనుకుంటారు. నలుపు కనిపించే వెలుగును తగ్గిస్తుంది, అంతే. కనిపించని కిరణాన్ని ఆపేది అద్దం పదార్థం, దాని మీది పూత. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ ఏ రంగూ లేకుండా తెల్లగా ఉన్నా ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. చిక్కటి నలుపు ఉండి ఆ గుణం లేని నాసిరకం అద్దం పెట్టుకుంటే, చీకటిగా ఉందనుకుని కనుపాప పెద్దదవుతుంది, అద్దం దాటి వచ్చిన కిరణానికి దారి వెడల్పవుతుంది. తిరునాళ్ళలో కొన్న అద్దం మంచిదో కాదో రంగు చూసి ఎవరూ చెప్పలేరు. కొలిచే చిన్న యంత్రం ఉన్న కళ్ళద్దాల షాపులో అడిగితే నిమిషంలో తేలుతుంది. కొత్తవి కొనేటప్పుడు యూవీ 400 అన్న గుర్తు అడగాలి. నాలుగు వందల నానోమీటర్ల దాకా ఉన్న అతినీలలోహిత కిరణాలన్నింటినీ ఆపుతుందని దాని అర్థం. పోలరైజ్డ్ అన్నది వేరే సంగతి, అది నీళ్ళ మీద, రోడ్డు మీద మెరుపును తగ్గిస్తుంది. అద్దం పెద్దదిగా ఉండాలి, ముఖానికి దగ్గరగా ఉండాలి, చెంప వైపు మూసుకుని ఉండాలి. పక్క వెలుగు చేసే పని పైన చెప్పాను. చిన్న గుండ్రటి అద్దాలు ఫోటోకు బాగుంటాయి, పొలానికి పనికిరావు. ఎంత మంచి అద్దమైనా సూర్యుడి వైపు, గ్రహణం వైపు తేరిపార చూడడానికి కాదు. పొద్దుగూకాక బండి మీద పెట్టుకోవడం ప్రమాదం.

పట్టణాల్లో ఈ మధ్య జరుగుతున్న వ్యాపారం చూస్తే మనసు కలుక్కుమంటుంది. సెల్‌ఫోన్ వెలుగు కళ్ళను పాడుచేస్తుందని భయపెట్టి, చిన్న టార్చి లైటు కొట్టి చూపించి, బ్లూ కట్ అద్దాలు అంటగడుతున్నారు. కంటి అలసటకు ఆ అద్దాల వల్ల ఉపయోగం ఉన్నట్టు కనిపించలేదని 2023లో కోక్రేన్ సంస్థ పదిహేడు పరీక్షలను కలిపి చూసి తేల్చింది. ఫోను తెర ఇచ్చే నీలి వెలుగు ఎండ ముందు లెక్కలోకి రాదు. ఇంట్లో నీడపట్టున కూర్చుని ఫోను చూసే పిల్లవాడికి వేల రూపాయల అద్దం, రోజంతా చేలో ఉన్న తల్లికి వట్టి కళ్ళు. ఆ పిల్లవాడికి నిజానికి కావలసింది రోజూ కొన్ని గంటలు ఆరుబయట ఆట. పగటి వెలుగులో ఆడుకునే పిల్లలకు దూరపు చూపు మందగించే జబ్బు తగ్గుతుంది. నా వాదన విని ఎవరూ పిల్లల్ని ఇంట్లో కట్టిపడేయకండి. నెత్తిన అంచు ఉన్న టోపీ పెట్టి బయటికి పంపండి.

పని చేసేవాళ్ళు చెప్పే అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను. చెమటకు అద్దం జారుతుంది, దుమ్ముకు మసక పడుతుంది, వంగి పనిచేస్తుంటే ఊడిపోతుంది. నిజమే. అందుకే ఫ్యాషన్ అద్దాలు పనివాళ్ళకు పనికిరావంటున్నాను. వెనక పట్టీ ఉండి, పక్కలు మూసి, గాలి ఆడే రంధ్రాలున్న తెల్లటి పాలీకార్బొనేట్ గాగుల్స్ ఇనుప సామాన్ల షాపుల్లో నూరు, నూట యాభైకి దొరుకుతాయి. తెల్లగా ఉంటాయి కాబట్టి షోకన్న మాట రాదు, నీడలో పనిచేసినా చూపుకు అడ్డం రాదు. తువ్వాలు కూడా కొంత కాపాడుతుంది, కట్టే తీరులో ఉంది కిటుకు. తలపాగా నెత్తిని కాపాడుతుంది, కంటికి నీడ ఇవ్వదు. అంచు వెడల్పుగా ముందుకు చాచి ఉన్న టోపీ అయితే కంటికి చేరే కిరణాలను సగానికి తగ్గిస్తుంది. ఆడవాళ్ళు కొంగును నుదుటి ముందుకు లాక్కోవడం కూడా ఆ పని చేస్తుంది. మిగతా సగం ఆకాశం నుంచి, నేల నుంచి ఎగిరొస్తుంది. కంభం చెరువులో వల వేసేవాడికి నీళ్ళ నుంచి కూడా వస్తుంది. ఆ సగానికి అద్దమే దారి.

మార్కాపురం పలకల గనుల్లో, కోత మిల్లుల్లో ఈ గాగుల్స్ వాడకపోవడాన్ని నేను క్షమించలేను. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకలు ఇక్కడి నుంచి వెళ్ళాయి. ఆ రాయిని చీల్చే మనిషి కంట్లోకి పెంకు ఎగరొచ్చు, దుమ్ము పడొచ్చు, రోజంతా ఎండ పడుతుంది. ఒకే అద్దం మూడింటినీ ఆపుతుంది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 35వ సెక్షన్ కంటి రక్షణ గురించే ఉండేది. ఎగిరే రేణువుల వల్లగానీ, మితిమీరిన వెలుగు వల్లగానీ కంటికి ప్రమాదం ఉన్న పనుల్లో తగిన గాగుల్స్‌గానీ అడ్డుతెరలుగానీ ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం నిబంధన పెట్టవచ్చని అందులో రాశారు. మితిమీరిన వెలుగు అన్న మాట స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే చట్టంలోకి ఎక్కింది. కానీ కరెంటుతో నడిచే మిల్లులో పదిమంది కన్నా తక్కువ ఉంటే ఆ చట్టం కింద అది ఫ్యాక్టరీ లెక్కలోకి వచ్చేది కాదు. చిన్న మిల్లుల కూలివాళ్ళు ఆ గీత అవతలే ఉండిపోయారు. వాళ్ళ కంటికి పెంకు తగిలితే నొప్పి తగ్గుతుందా?

ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడు పనిచోట తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె, విశ్రాంతికి నీడ ఉండాలని రాసుకున్నారు. పనిచేసేవాడికి నీడ హక్కని ఒప్పుకున్నట్టే. ఆ నీడ విశ్రాంతి వేళకే పరిమితమైంది. గునపం పట్టిన గంటల్లో కంటికి నీడ అద్దం ఒక్కటే ఇవ్వగలదు. ప్రథమ చికిత్స పెట్టెతో పాటు గాగుల్స్ పెట్టె కూడా పనిచోటుకు రావాలి. 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన కంటి వెలుగు పథకం మొదట బడిపిల్లల కళ్ళు చూసింది, తర్వాత అరవై దాటిన అవ్వాతాతల కళ్ళు చూసింది. ఎండలో కాలే నడివయసువాళ్ళ వంతు వెనక్కి పోయింది. ఇచ్చిన కళ్ళజోళ్ళు చూపు సరిచేసేవి. చూపును కాపాడే అద్దం ఆ జాబితాలో లేదు. ఇకముందు ఏ ప్రభుత్వం ఏ పేరుతో కంటి పథకం తెచ్చినా, ఆ కళ్ళజోళ్ళ టెండరులోనే పాలీకార్బొనేట్ అద్దమే ఉండాలని, యూవీ 400 ఉండాలని ఒక వాక్యం చేర్చాలి. నలభై దాటిన కూలివాడు దగ్గరి చూపు కోసం ఎలాగూ అద్దాలకు వస్తాడు. పైన పవరు లేని తెల్లద్దం, కింద చదివే అద్దం కలిసిన జోడు ఇస్తే పొలంలోనూ అదే పెట్టుకుంటాడు.

ఇది మొదలుపెట్టడానికి అమరావతి దాకా పోనక్కర్లేదు. మిరప కోతలకు ఇరవై మందిని పిలిచే రైతు ఇరవై జతల గాగుల్స్ కొని గెట్టు మీద పెడితే, అందరూ పెట్టుకున్నప్పుడు ఎవరినీ చూసి ఎవరూ నవ్వరు. కోతల కాలమంతా వాడుకున్నా వాటి ఖర్చు ఒక బస్తా మిరపకాయల ధరలో చిన్న ముక్క. మేస్త్రీ ముందుగా పెట్టుకోవాలి, రైతు ముందుగా పెట్టుకోవాలి. వచ్చే జనవరిలో కోతలు మొదలయ్యేలోగా యర్రగొండపాలెంలోనో తర్లుపాడులోనో ఒక్క చేను దగ్గర ఇది జరిగినా, పక్క చేనువాళ్ళు తమకూ ఇమ్మని అడుగుతారు.